మోషే ధర్మశాస్త్రం: పౌర, నైతిక విధులు, తెలుగు నేలపై వాటి ఆచరణ

మోషే ధర్మశాస్త్రం ప్రాచీన ఇశ్రాయేలు ప్రజల మత, సామాజిక, న్యాయ విధుల సముదాయం. హీబ్రూ బైబిలులోని మొదటి అయిదు గ్రంథాలను, అంటే ఆదికాండం, నిర్గమకాండం, లేవీయకాండం, సంఖ్యాకాండం, ద్వితీయోపదేశకాండాలను యూదులు తోరా అంటారు. తెలుగు క్రైస్తవుల వాడుకలో ధర్మశాస్త్రం అన్నా ఇవే. వీటిలో ఆదికాండం దాదాపు పూర్తిగా కథనమే. ఐగుప్తు దాస్యం నుంచి బయటపడిన జనం సీనాయి కొండ దగ్గర దేవునితో నిబంధన చేసుకున్నట్టు చెప్పే నిర్గమకాండం 19, 20 అధ్యాయాల నుంచి శాసన భాగం ప్రధానంగా మొదలవుతుంది. క్రీ.శ. 3వ శతాబ్దానికి చెందిన రబ్బీ (యూదు మతాచార్యుడు) సిమ్లాయి ఈ విధుల సంఖ్య 613 అన్నాడు. వాటిలో 248 చేయవలసినవి, 365 చేయకూడనివి. 12వ శతాబ్దంలో యూదు పండితుడు మైమోనిడీస్ వాటిని ఒక్కొక్కటిగా లెక్కకట్టి పట్టిక రాశాడు.

ఈ శాసనాలు ఒకే చోట, ఒకే కాలంలో రాసినవి కావు. నిర్గమకాండం 20వ అధ్యాయం చివరి నుంచి 23వ అధ్యాయం దాకా ఉన్న భాగానికి నిబంధన గ్రంథం అని పేరు. మిగతా వాటికన్నా ఇదే పాతదని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఇందులో రాజు లేడు, పట్నం లేదు. పొలాలు, పశువులు, అప్పులు, పనివాళ్లు ఉన్న పల్లె కనిపిస్తుంది. లేవీయకాండం 17 నుంచి 26 దాకా ఉన్న భాగాన్ని పరిశుద్ధతా స్మృతి అంటారు. ద్వితీయోపదేశకాండం 12 నుంచి 26 దాకా ఉన్నది మూడో స్మృతి. క్రీ.పూ. 622లో యెరూషలేము ఆలయంలో ధర్మశాస్త్ర గ్రంథం ఒకటి దొరికిందని, అది చదివించుకుని యోషీయా రాజు సంస్కరణలు చేపట్టాడని రాజుల రెండో గ్రంథం చెబుతుంది. ఆ గ్రంథం ద్వితీయోపదేశకాండానికి తొలి రూపమని 1805లో జర్మన్ పండితుడు డి వెట్టె ప్రతిపాదించాడు. దాని మీద వాదోపవాదాలు నడిచినా ఆ ఊహ నేటికీ నిలబడే ఉంది. మూడు స్మృతుల మధ్య తేడాలూ ఉన్నాయి. నిర్గమకాండంలో ఏడో ఏట విడుదల దాసుడికే గాని, అమ్ముడుపోయిన కూతురికి కాదు. ద్వితీయోపదేశకాండం స్త్రీ పురుషులిద్దరికీ ఆ హక్కు ఇచ్చింది. కాలంతో పాటు శాసనం కూడా మారిందనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఆధారం అక్కర్లేదు.

నైతికం, పౌరం అనే విభజన

ధర్మశాస్త్రాన్ని నైతిక, పౌర, కర్మకాండ విధులుగా మూడు పాళ్లు చేయడం క్రైస్తవ వేదాంతుల పద్ధతి. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ దానికి స్థిరమైన రూపం ఇచ్చాడు. నైతిక విధులు ఎల్లకాలం అందరికీ వర్తిస్తాయని, పౌర విధులు ఇశ్రాయేలు రాజ్యంతోనే పోయాయని, బలులూ శుద్ధాశుద్ధాలూ క్రీస్తుతో ముగిశాయని ఈ పద్ధతి సారాంశం. ఇంగ్లండు చర్చి 39 మతాంశాల్లో ఏడోది కూడా ఇదే మాట చెబుతుంది. మోషే ఇచ్చిన ఆచారాలకు క్రైస్తవులు బద్ధులు కారు, పౌర శాసనాలను ఏ రాజ్యమూ తప్పనిసరిగా స్వీకరించనక్కర్లేదు, నైతిక ఆజ్ఞల నుంచి మాత్రం ఎవరికీ మినహాయింపు లేదు. 19వ శతాబ్దంలో కృష్ణా తీరానికి వచ్చిన ఆంగ్లికన్ మిషనరీలు ఈ అవగాహనతోనే వచ్చారు.

మూల గ్రంథంలో మాత్రం ఈ గీతలు లేవు. లేవీయకాండం 19వ అధ్యాయమే ఇందుకు సాక్ష్యం. తల్లిదండ్రుల పట్ల భయభక్తులు, చేను మూలల్లో పంట వదిలిపెట్టడం, కూలివాడి డబ్బు రాత్రంతా అట్టిపెట్టుకోకపోవడం, చెవిటివాణ్ని తిట్టకపోవడం, గుడ్డివాడి దారిలో అడ్డం వేయకపోవడం, పొరుగువాణ్ని ప్రేమించడం, రెండు రకాల నూలు కలిపిన బట్ట కట్టకపోవడం, తప్పుడు తూకం రాళ్లు వాడకపోవడం, అన్నీ ఆ ఒక్క అధ్యాయంలోనే ఉన్నాయి. తూకంలో మోసం అక్కడ దేవుడి పట్ల నేరం కూడా. అందుకే ఈ విధులను నేటి సివిల్, క్రిమినల్ చట్టాల అరల్లో సర్దబోతే కొన్ని బయటే మిగిలిపోతాయి. శత్రువు ఎద్దు తప్పిపోయి కనబడితే తోలుకెళ్లి అతనికి అప్పగించాలన్నది నిర్గమకాండం 23లోని విధి. అప్పగించకపోతే శిక్ష ఏమిటో చెప్పలేదు.

పది ఆజ్ఞలు

నైతిక విధుల సారం పది ఆజ్ఞల్లో ఉంది. ఇవి నిర్గమకాండం 20లో ఒకసారి, ద్వితీయోపదేశకాండం 5లో మరోసారి వస్తాయి. రెండింటికీ ఉన్న ముఖ్యమైన తేడా విశ్రాంతి దినం దగ్గర. మొదటిచోట దేవుడు ఆరు రోజుల్లో సృష్టి చేసి ఏడో రోజు విశ్రమించాడు కాబట్టి మనిషీ విశ్రమించాలి. రెండోచోట కారణం వేరు. ఐగుప్తులో నువ్వూ దాసుడివే, కాబట్టి నీ దాసుడికీ దాసికీ నీలాగే విశ్రాంతి దొరకాలి. ఆ రోజు ఎద్దుకు, గాడిదకు, ఊళ్లో ఉంటున్న పరదేశికి కూడా పని ఉండదు. యజమాని దయతో ఇచ్చే సెలవుగా కాక, పనిచేసేవాడి హక్కుగా వారానికో రోజు విరామాన్ని శాసనంలోకి ఎక్కించడం ఈ స్మృతుల గొప్ప విశేషాల్లో ఒకటి.

హత్య, వ్యభిచారం, దొంగతనం, అబద్ధ సాక్ష్యం మీద నిషేధాలు ఏ సమాజంలోనైనా కనిపించేవే. చివరి ఆజ్ఞ మాత్రం వేరు. పొరుగువాడి ఇంటినీ భార్యనూ పశువునూ ఆశించవద్దని అది మనసుకే హద్దు గీస్తుంది. ఆశను ఏ న్యాయస్థానం విచారించలేదు. నైతిక విధి, పౌర విధి ఎక్కడ విడిపోతాయో చూపడానికి ఈ ఆజ్ఞ మంచి ఉదాహరణ.

ఆజ్ఞల లెక్క అందరికీ ఒకటి కాదు. విగ్రహాల మీద నిషేధాన్ని కాథలిక్కులు, లూథరన్లు మొదటి ఆజ్ఞలోనే కలిపేసి, చివరి ఆజ్ఞను రెండుగా చేస్తారు. ఆంగ్లికన్లు, బాప్టిస్టులు విగ్రహ నిషేధాన్ని రెండో ఆజ్ఞగా విడిగా లెక్కిస్తారు. ఈ తేడా కృష్ణా నదికి రెండు వైపులా కనబడుతుంది. గుంటూరు వైపు 1842లో వచ్చిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్‌తో మొదలైన లూథరన్ సంఘాల్లో నరహత్య నిషేధం అయిదో ఆజ్ఞ. ఆంగ్లికన్ నేపథ్యం ఉన్న కృష్ణా జిల్లా సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాల్లో అదే ఆరోది. విజయవాడ గుణదలలో మేరీమాత కొండకు లక్షలాదిగా వెళ్లే కాథలిక్కుల లెక్క లూథరన్లతో కలుస్తుంది.

పొలం, పశువు, పరిహారం

నిబంధన గ్రంథంలో ఎక్కువ భాగం "ఒకడు ఇలా చేస్తే" అని మొదలై "అతడు ఇంత ఇచ్చుకోవాలి" అని ముగిసే వాక్యాలు. ఇవి తీర్పుల రూపంలోని శాసనాలు. "చేయకూడదు" అని ఖండితంగా చెప్పేవి మరో రకం. ఈ రెండు రూపాలను 1934లో ఆల్‌బ్రెష్ట్ ఆల్ట్ స్పష్టంగా వేరుచేసి చూపాడు.

పొడిచే ఎద్దు సంగతి ఇందులో ప్రసిద్ధం. ఎద్దు మనిషిని పొడిచి చంపితే ఎద్దును రాళ్లతో కొట్టి చంపాలి, దాని మాంసం తినకూడదు, యజమాని మీద నేరం లేదు. అయితే అది పొడుస్తుందని ఇరుగుపొరుగు ముందే హెచ్చరించినా కట్టెయ్యకపోతే యజమానిదీ ప్రాణాపరాధమే. అతని ప్రాణానికి బదులు సొమ్ము కట్టించుకునే వీలు ఉంది. ఒకడి ఎద్దు మరొకడి ఎద్దును చంపితే బతికిన ఎద్దును అమ్మి వచ్చిన సొమ్మును, చచ్చిన ఎద్దును చెరిసగం పంచుకోవాలి. గుంట తవ్వి మూత పెట్టకుండా వదిలేస్తే అందులో పడి చచ్చిన పశువు ఖరీదు తవ్వినవాడే ఇచ్చుకోవాలి. పశువును పరాయి చేలో మేపితే తన చేలోని మేలైన పంటతో నష్టం పూడ్చాలి. ముళ్ల కంపకు పెట్టిన నిప్పు పాకి పనల కుప్ప తగలబడితే నిప్పు పెట్టినవాడిదే బాధ్యత. ఎద్దును దొంగిలించి కోసినా అమ్మినా అయిదు రెట్లు, గొర్రెకు నాలుగు రెట్లు, దొంగ దగ్గర పశువు ప్రాణంతో దొరికితే రెండు రెట్లు. దెబ్బలాటలో గాయపడి మంచాన పడ్డవాడికి పోయిన పనిదినాల కూలి, వైద్యం ఖర్చు కొట్టినవాడే భరించాలి. నష్టానికి మూలం ఉద్దేశమా, అజాగ్రత్తా అని విడదీసి చూడడం ఈ శాసనాల్లోని న్యాయదృష్టి.

ఇంకో చిన్న విధిలో ఆ దృష్టి మరింత స్పష్టం. కొత్త ఇల్లు కట్టుకున్నవాడు మిద్దెకు చుట్టూ పిట్టగోడ కట్టాలని ద్వితీయోపదేశకాండం 22 చెబుతుంది. ఎవరైనా పైనుంచి పడి చస్తే ఆ రక్తాపరాధం ఇంటిమీద ఉంటుంది. డాబా మీద వడియాలు పెట్టి, ధాన్యం ఎండబోసే ఊళ్లలో ఈ విధికి వ్యాఖ్యానం అక్కర్లేదు. ప్రమాదం జరిగాక పరిహారం ఇప్పించడంతో ఆగకుండా, జరగకుండా చూడడాన్నే బాధ్యతగా పెట్టిన తొలి శాసనాల్లో ఇదొకటి.

పశువుల పట్ల దయ కూడా శాసనమే. కళ్లంలో నూర్చే ఎద్దు మూతికి చిక్కం కట్టకూడదు. ఎద్దునూ గాడిదనూ కలిపి ఒకే కాడికి కట్టకూడదు. బరువు కింద పడిపోయిన గాడిదను, అది పగవాడిదే అయినా, లేపాలి.

భూమి, అప్పు, పరిగె

ధర్మశాస్త్రంలో అన్నిటికన్నా సాహసమైన భాగం భూమికి, అప్పుకు సంబంధించినది. తెలుగునాట ప్రసంగ వేదికల మీద ఎక్కువగా వినిపించేది పది ఆజ్ఞలే గాని, కౌలూ అప్పూ నిత్యం వెంటాడే డెల్టా రైతుకు ఎక్కువ చెప్పేది ఈ భాగమే.

కోతలో చేను అంచులు పూర్తిగా కోయకూడదు. రాలిన వెన్నులు ఏరుకోకూడదు. మరిచిపోయిన పన కోసం వెనక్కి వెళ్లకూడదు. అవి బీదవాడివి, పరదేశివి, తండ్రిలేని పిల్లలవి, విధవరాలివి. యంత్రపు కోతలు రాకముందు కంకిపాడు, ఉయ్యూరు ప్రాంతాల మాగాణుల్లో కోత అయ్యాక ఆడవాళ్లు, పిల్లలు పరిగె ఏరుకోవడం మామూలే. అక్కడ అది రైతు ఒప్పుకోలుతో నడిచే వాడుక. ధర్మశాస్త్రంలో అది పేదవాడి హక్కు. రూతు గ్రంథంలో మోయాబు నుంచి వచ్చిన రూతు బోయజు చేలో పరిగె ఏరుకున్న కథ ఈ విధి ఆచరణకు బైబిలులోనే ఉన్న చిత్రం. దారిన పోయేవాడు పొరుగువాడి చేలో చేత్తో వెన్నులు తెంపుకుని తినవచ్చు, కొడవలి మాత్రం పెట్టకూడదు. ద్రాక్షలు కడుపునిండా తినవచ్చు, గంపలో వేసుకోకూడదు.

పేద ఇశ్రాయేలీయుడికి ఇచ్చిన అప్పు మీద వడ్డీ తీసుకోకూడదు. అన్యదేశస్థుడి దగ్గర తీసుకోవచ్చు. తాకట్టు విషయంలో ద్వితీయోపదేశకాండం 24 మరీ సున్నితంగా మాట్లాడుతుంది. అప్పు ఇచ్చినవాడు తాకట్టు వస్తువు కోసం ఇంట్లోకి చొరబడకూడదు, బయటే నిలబడాలి, అప్పు తీసుకున్నవాడే తెచ్చి ఇవ్వాలి. కప్పుకునే దుప్పటి తాకట్టు పెట్టుకుంటే పొద్దుగూకేలోగా తిరిగి ఇవ్వాలి, అతను దానిలోనే పడుకోవాలి కాబట్టి. తిరగలిని గాని, దాని పైరాయిని గాని తాకట్టు పట్టకూడదు. అది ఒక కుటుంబపు తిండి. అప్పు ఎగవేత సంగతి ఎలా ఉన్నా, అప్పులోపడ్డ మనిషి గడప దాటే హక్కు అప్పులవాడికి లేదన్నది ఈ అధ్యాయం పట్టుదల.

ప్రతి ఏడో ఏడు భూమికి విశ్రాంతి. ఆ ఏట అప్పులూ మాఫీ కావాలి. ఏడు ఏళ్లు ఏడుసార్లు గడిచాక యాభయ్యో ఏడు సునాద సంవత్సరం. బీదరికం వల్ల అమ్ముకున్న భూమి ఆ ఏడు తిరిగి మొదటి కుటుంబానికి చేరుతుంది. కాబట్టి లేవీయకాండం 25 ప్రకారం భూమికి శాశ్వత విక్రయం లేదు. సునాదానికి ఇంకా ఎన్నేళ్లు మిగిలితే అన్ని పంటల లెక్కన ధర కట్టాలి. నిజానికి అమ్మేది భూమిని కాదు, పంటలనే. ఆ రకంగా ఇది దీర్ఘకాలపు కౌలు లాంటిది. ప్రాకారం ఉన్న పట్నంలో ఇల్లు అమ్మితే విడిపించుకునే గడువు ఒక్క ఏడే. పల్లెలో ఇంటిని మాత్రం పొలంతో సమానంగా చూడాలి. బతుకుదెరువుకు మూలం పొలమేనని శాసనకర్తకు తెలుసు.

ఇదంతా ఎంతవరకు అమలైందన్నది వేరే విషయం. సునాద సంవత్సరాన్ని క్రమంగా పాటించినట్టు చెప్పే ఆధారాలు చాలా తక్కువ. బబులోను ముట్టడి కాలంలో సిద్కియా రాజు దాసులకు విడుదల ప్రకటించాడని, యజమానులు వెంటనే మాట తప్పి వాళ్లను మళ్లీ పట్టుకున్నారని యిర్మీయా గ్రంథం తీవ్రంగా నిందిస్తుంది. బబులోను చెర నుంచి తిరిగి వచ్చిన తర్వాత, క్రీ.పూ. 5వ శతాబ్దంలో, పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు తాకట్టుపెట్టి పన్ను కోసం అప్పులు తెచ్చి, పిల్లలను దాసులుగా అప్పజెప్పిన జనం మొర నెహెమ్యా గ్రంథంలో ఉంది. పొలాలు తిరిగి ఇచ్చెయ్యమని, నూరో వంతుగా తీసుకుంటున్నది మానుకోమని నెహెమ్యా పెద్దలను నిలదీశాడు. ఈ నూరో వంతును నెలవారీ వడ్డీ అని చాలామంది వ్యాఖ్యాతలు చెబుతారు. కృష్ణా జిల్లా లెక్కలో అది నూటికి రూపాయి వడ్డీ. క్రీ.పూ. 1వ శతాబ్దం చివరకు వచ్చేసరికి ఏడో ఏట మాఫీకి భయపడి డబ్బున్నవాళ్లు అప్పే ఇవ్వడం మానేశారు. అప్పుడు హిల్లేల్ అనే ఆచార్యుడు అప్పు పత్రాన్ని న్యాయస్థానానికి దఖలు పరిచి వసూలు హక్కు నిలుపుకునే ప్రోజ్‌బుల్ పద్ధతి తెచ్చాడు. పేదవాడి మేలు కోసం పెట్టిన విధి పేదవాడికి అప్పు పుట్టకుండా చేసినప్పుడు, విధి ఉద్దేశాన్ని కాపాడడానికి దాని అక్షరాన్ని సడలించిన సందర్భం ఇది.

న్యాయస్థానం

మరణశిక్షకు ఒక్క సాక్షి చాలడు, ఇద్దరు ముగ్గురు కావాలి. శిక్ష అమలులో మొదటి రాయి సాక్షులే వేయాలి. అబద్ధ సాక్ష్యం చెప్పినవాడు ఎదుటివాడికి ఏ శిక్ష పడాలని తలచాడో అదే అతనికి పడుతుంది. న్యాయాధిపతి లంచం పుచ్చుకోకూడదు, గొప్పవాడికి మొహమాటపడకూడదు. బీదవాడనే జాలితో అతని వైపూ మొగ్గకూడదు. పరిగెను, దుప్పటిని బీదవాడి కోసం కాపాడిన శాసనమే తీర్పులో అతనికి కూడా పక్షపాతం వద్దనడం గమనించదగ్గది. పరదేశికీ స్వదేశికీ న్యాయం ఒకటే. తండ్రి నేరానికి కొడుకును, కొడుకు నేరానికి తండ్రిని చంపకూడదు.

కట్టెలు కొడుతుండగా గొడ్డలి ఊడి పక్కవాడికి తగిలి అతను చనిపోతే కొట్టినవాడు హంతకుడు కాడు. కాని చనిపోయినవాడి బంధువు పగతో వెంటపడవచ్చు. అలాంటివాడు తలదాచుకోవడానికి యొర్దాను నదికి ఇటు మూడు, అటు మూడు ఆశ్రయపురాలు ఉన్నాయి. ప్రధాన యాజకుడు చనిపోయేదాకా అతను అక్కడే ఉండాలి. కావాలని హత్య చేసినవాడికి అక్కడ చోటు లేదు. డబ్బు కట్టి ప్రాణం దక్కించుకునే వీలూ లేదు.

దాస్యం, స్త్రీలు, కఠిన శిక్షలు

ఈ స్మృతులను మెచ్చుకునేవారు దాటవేసే పుటలూ ఉన్నాయి. దాస్యాన్ని ధర్మశాస్త్రం రద్దు చేయలేదు. అప్పుల వల్ల అమ్ముడుపోయిన హీబ్రూ దాసుణ్ని ఆరేళ్ల తర్వాత విడిచిపెట్టాలి, వట్టి చేతులతో పంపకూడదు. పరదేశీ దాసులను మాత్రం తరతరాల ఆస్తిగా ఉంచుకోవచ్చని లేవీయకాండం అనుమతించింది. యజమాని కొట్టిన దెబ్బకు దాసుడి కన్నో పన్నో పోతే అతనికి విడుదల. పారిపోయి వచ్చిన దాసుణ్ని తిరిగి యజమానికి అప్పగించకూడదన్న ద్వితీయోపదేశకాండం 23లోని మాట ఆనాటి ప్రపంచంలో అసాధారణమైనది. ఇవన్నీ దాస్యానికి పెట్టిన హద్దులే, దాని మీద తిరుగుబాటు కాదు.

స్త్రీల విషయంలో కాఠిన్యం ఎక్కువ. భర్తకు అనుమానం వస్తే భార్యకు చేదు నీళ్ల పరీక్ష. ప్రధానం కాని కన్యను బలాత్కరించినవాడు తండ్రికి యాభై తులాల వెండి ఇచ్చి ఆమెనే పెళ్లాడాలి. సబ్బాతు నాడు పని, విగ్రహారాధన, వ్యభిచారం, తల్లిదండ్రులను కొట్టడం, మనిషిని ఎత్తుకెళ్లి అమ్మడం అన్నిటికీ మరణమే. మాట వినని కొడుకును ఊరి పెద్దల ముందుకు తెచ్చి రాళ్లతో కొట్టించవచ్చు. తర్వాతి రబ్బీలు ఈ శిక్షలకు లెక్కలేనన్ని షరతులు పెట్టారు. మాట వినని కొడుకు శిక్ష ఎన్నడూ జరగలేదు, జరగబోదు అని రబ్బీల వ్యాఖ్యాన గ్రంథమైన తాల్ముదులో ఒక అభిప్రాయం ఉంది. ఏడేళ్లకు ఒకసారి మరణశిక్ష వేసే న్యాయస్థానం కూడా క్రూరమైనదేనని రబ్బీల న్యాయ సంకలనమైన మిష్నా అంటుంది.

వారసత్వం విషయంలో ఒక ఘట్టాన్ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. సెలోపెహాదు కొడుకులు లేకుండా చనిపోయాడు. అతని కూతుళ్లు మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అయిదుగురూ మోషే ముందు, యాజకుడి ముందు, సమాజమంతటి ముందు నిలబడి తండ్రి వాటా తమకు కావాలని అడిగారు. వాళ్లు అడిగింది న్యాయమేనని తీర్పు వచ్చింది, అది శాసనమైంది. ఆ తర్వాత గోత్రపు భూమి బయటికి పోకుండా సొంత గోత్రంలోనే పెళ్లాడాలనే షరతు చేరింది. కొడుకు ఉంటే కూతురికి వాటా లేదన్న నియమం మాత్రం అలాగే ఉండిపోయింది.

చుట్టుపక్కల స్మృతులు, తర్వాతి వ్యాఖ్యానాలు

1901లో ఇరాన్‌లోని సూసాలో బబులోను రాజు హమ్మురాబి శిలాశాసనం దొరికింది. క్రీ.పూ. 18వ శతాబ్దపు ఆ స్మృతిలోని 282 నిబంధనల్లో పొడిచే ఎద్దు, కన్నుకు కన్ను, మిత్తికి తీసుకున్న అప్పు అన్నీ ఉన్నాయి. దానికన్నా కొంచెం పాతదైన ఎష్నున్నా స్మృతిలో, ఎద్దు ఎద్దును చంపినప్పుడు బతికినదాని ఖరీదు, చచ్చినదాని మాంసం సమంగా పంచుకోవాలనే నియమం నిర్గమకాండంతో దాదాపు మాటకు మాట కలుస్తుంది. పశ్చిమాసియా అంతటా ఒకే న్యాయ సంప్రదాయం నడిచిందనడంలో సందేహం లేదు.

తేడాలు విలువల దగ్గర. హమ్మురాబి స్మృతిలో కట్టిన ఇల్లు కూలి ఇంటి యజమాని కొడుకు చనిపోతే మేస్త్రి కొడుకును చంపాలి. ద్వితీయోపదేశకాండం ఆ న్యాయాన్ని తోసిపుచ్చింది. హమ్మురాబి కొన్ని దొంగతనాలకు మరణశిక్ష వేశాడు. ధర్మశాస్త్రంలో సొత్తుకు బదులు సొత్తే, ప్రాణం కాదు. హమ్మురాబిలో శిక్ష దెబ్బతిన్నవాడి అంతస్తును బట్టి మారుతుంది. ఇశ్రాయేలు స్మృతుల్లో స్వతంత్రుల మధ్య అంతస్తుల తేడా లేదు, దాసుడికి మాత్రం ఉంది. హమ్మురాబి స్మృతిలో శాసనకర్త రాజే. ఇశ్రాయేలులో రాజు కూడా ధర్మశాస్త్ర గ్రంథం ప్రతి ఒకటి రాయించుకుని రోజూ చదివి దానికి లోబడి ఉండాల్సినవాడు.

ధర్మశాస్త్రంలోనూ ఉన్న కన్నుకు కన్ను అన్న నియమాన్ని రబ్బీలు అక్షరాలా తీసుకోలేదు. సుమారు క్రీ.శ. 200లో కూర్చిన మిష్నాలో గాయపరిచినవాడు అయిదు పద్దుల కింద సొమ్ము చెల్లించాలి: అవయవ నష్టం, నొప్పి, వైద్యం, పోయిన పని, అవమానం. అవమానానికి కూడా వెల కట్టిన ఈ లెక్క ఆధునిక నష్టపరిహార చట్టాలకు బాగా దగ్గరగా ఉంది.

తెలుగులోకి రాక

తెలుగు బైబిలు పని విశాఖపట్నంలో 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున దిగిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్‌లతో ఊపందుకుంది. వారికి ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడు తోడ్పడ్డాడు. ధర్మశాస్త్రపు అయిదు కాండాలు తెలుగులో 1821లో శ్రీరాంపూర్ ముద్రణాలయం నుంచి వచ్చాయి. పూర్తి బైబిలు 19వ శతాబ్దం మధ్యకాలంలో అందింది. చిక్కం, పరిగె, పన, తిరగలి, కళ్లం వంటి పల్లె మాటలన్నీ ఆ అనువాదాల్లో ఉండడంతో ఈ పాత శాసనాలు తెలుగు పాఠకుడికి పరాయి దేశపు చట్టంలా వినబడవు.

కృష్ణా ప్రాంతానికి చర్చి మిషనరీ సొసైటీ 1841లో వచ్చింది. రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మచిలీపట్నంలో, అంటే బందరులో, దిగారు. నోబుల్ 1843లో పెట్టిన బడి తర్వాత నోబుల్ కళాశాల అయింది. బెజవాడ చుట్టుపక్కల పల్లెల్లో క్రైస్తవంలో చేరే ఉద్యమం ఊపందుకున్నది రాఘవాపురానికి చెందిన మాల పెద్ద పగోలు వెంకయ్య 1859లో బాప్తిస్మం పొందాక. కంకిపాడు ఈ బెజవాడ, బందరు కేంద్రాలను కలిపే రోడ్డు మీదే ఉంది. దానికి తూర్పున ఉయ్యూరు కెనడియన్ బాప్టిస్టు మిషన్ కేంద్రాల్లో ఒకటిగా ఉండేది. ఆంగ్లికన్ ప్రశ్నోత్తరిలో పరలోక ప్రార్థన, విశ్వాస ప్రమాణాలతో పాటు పది ఆజ్ఞలూ ఉంటాయి. అక్షరం రాని కూలీలు కూడా వాటిని కంఠస్థం చేసేవారు. 1912లో దోర్నకల్ బిషప్పైన వి.ఎస్. అజరయ్య కాలంలో ఈ బోధన పల్లెపల్లెకూ చేరింది.

ధర్మశాస్త్రంలోని విధులు తెలుగు సమాజంలో నిజంగా కదలిక తెచ్చిన సందర్భం ఒంగోలులో జరిగింది. 1866లో అక్కడ స్థిరపడిన అమెరికన్ బాప్టిస్టు జాన్ క్లఫ్ కొత్తగా చేరే మాదిగలకు మూడే నియమాలు పెట్టాడు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. మొదటిదీ చివరిదీ పది ఆజ్ఞల్లోవి. మధ్యది ద్వితీయోపదేశకాండం 14లో ఉన్న నిషేధం. క్రైస్తవ వేదాంతం లెక్కలో అది రద్దయిన కర్మకాండ విధి. మాదిగవాడల్లో మాత్రం మూడింటిలోనూ ఎక్కువ సామాజిక బరువు ఉన్నది దానికే. చచ్చిన పశువును ఈడ్చుకెళ్లడం, దాని మాంసంతో కడుపు నింపుకోవడం ఊరు వాళ్ల మీద పెట్టిన కట్టు. దాన్ని కాదనడం అంటే ఊరి ఏర్పాటునే కాదనడం. ఆదివారం పనికి రామనడం కూడా అంతే. కరణాలు, మునసబులు, భూస్వాముల కోపానికి వాళ్లు గురయ్యారు. ఐగుప్తు దాసులకు చెప్పిన విశ్రాంతి దినం, రెండో కారణంతో సహా, తెలుగు పల్లెలో దాని అసలు అర్థాన్ని తిరిగి పొందింది. 1878 జులై 3న ఒక్కరోజే ఆ మిషన్‌లో 2,222 మంది బాప్తిస్మం పొందారు.

విశ్రాంతి దినం ఏదన్న వివాదం కూడా ఇక్కడికి వచ్చింది. నూజివీడులో గిఫర్డ్ స్మారక ఆసుపత్రి నడిపే సెవెంత్ డే అడ్వెంటిస్టులు ఆజ్ఞలో ఉన్నది ఏడో రోజే కాబట్టి శనివారమే విశ్రాంతి అంటారు. మిగతా సంఘాలకు అది ఆదివారం.

పౌర విధులు మాత్రం తెలుగునాట ఎన్నడూ చట్టం కాలేదు. 39 మతాంశాల మాట అలాగే చెల్లింది. క్రైస్తవుల పెళ్లిళ్లకు 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం, వారసత్వానికి 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తాయి. రెండో చట్టం ప్రకారం వీలునామా లేకుండా చనిపోయినవాడి ఆస్తిలో మూడో వంతు భార్యకు, మిగతాది కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా వెళుతుంది. సెలోపెహాదు కూతుళ్లకు దొరికినదానికన్నా ఇది ఎక్కువ. 

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో మోషే ధర్మశాస్త్రాన్ని తమ సొంత శాసనంగా పాటించే చిన్న తెలుగు సమాజం ఉంది. వారు తమను బెనే ఎఫ్రాయిమ్ అంటారు, అంటే ఎఫ్రాయీము సంతానం. అంతకుముందు క్రైస్తవులుగా ఉన్న ఈ మాదిగ కుటుంబాలు 1980ల చివర్లో యాకోబి సోదరుల నాయకత్వంలో తాము తప్పిపోయిన ఇశ్రాయేలు గోత్రాలవాళ్లమని ప్రకటించుకున్నాయి. శనివారం సబ్బాతు, సున్నతి, పస్కా పండుగ, సమాజ మందిరంలో హీబ్రూ ప్రార్థనలు వారి ఆచారాలు. కుల సమాజం హీనంగా చూసిన పశుమాంస భోజనాన్ని, శవాన్ని పూడ్చే పద్ధతిని వారు పూర్వ వారసత్వపు ఆనవాళ్లుగా చెబుతారు. వీరి మీద యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ చేసిన అధ్యయనం 2013లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ పుస్తకంగా వచ్చింది.

వీరి ఆచరణలోనూ ఒక పరిమితి ఉంది. యూదు సంప్రదాయం ప్రకారం భూమికి ముడిపడిన విధుల్లో చాలావాటికి ఇశ్రాయేలు దేశం బయట బలం లేదు. ఒకే చేలో రెండు రకాల విత్తనాలు చల్లకూడదన్న లేవీయకాండం నిషేధం అలాంటిదే. కృష్ణా డెల్టాలో వరి కోతకు కొద్ది రోజుల ముందు, పదును ఉండగానే నిలబడ్డ చేలో మినుములు చల్లడం పాత పద్ధతి. రబ్బీల లెక్కలో ఈ నేల మీద అది తప్పు కాదు. ఏడో ఏటి బీడు, సునాద సంవత్సరం కూడా ఇక్కడ వర్తించవు. ఇక గుర్తింపు విషయానికొస్తే, మణిపూర్, మిజోరంలలోని బెనే మెనాషే సమాజాన్ని 2005లో ఇశ్రాయేలు ప్రధాన సెఫార్డీ రబ్బీ ఇశ్రాయేలు సంతతిగా గుర్తించాడు. వారిలో వేలమంది అక్కడికి వలస వెళ్లారు. కొత్తరెడ్డిపాలెం సమాజానికి అలాంటి గుర్తింపు రాలేదు.